లబ్ధిదారుల లిస్టులోంచి పేరు తీసేసే పని ఏఐకి అప్పగించొచ్చా?

బోరబండ_భారతి:
పథకాల్లో అనర్హులను ఏరేయడానికి ఏఐ వాడితే తప్పేముందని ఇక్కడ వేరే చర్చలో చాలామంది అన్నారు. మనకిది కొత్తేం కాదు. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే కోసం హైదరాబాద్ సగం ఖాళీ అయి సొంతూళ్లకు పోయింది, గుర్తుందా? తర్వాత సమగ్ర వేదిక వచ్చింది. బండ్ల రిజిస్ట్రేషన్, ఆస్తులు, ఇలా ఒక్కో శాఖ దగ్గరున్న రికార్డులు కలిపి, ఈ లక్ష్మి ఆ లక్ష్మి ఒక్కరేనా కాదా అని అంచనా కట్టే సాఫ్ట్‌వేర్ అది. రేషన్ కార్డుల ఏరివేతలో దాన్నీ వాడారు. చివరికి రద్దు చేసిన దాదాపు 19 లక్షల కార్డులను ఇంటింటికీ వెళ్లి మళ్లీ చూడమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. మళ్లీ చూస్తే అర్హులు వేలల్లో తేలారు. కాబట్టి అడుగుతున్నా, మనిషి చూడకుండా పేరు కొట్టేయడం సబబేనా?

కొండాపూర్_కోడర్:
వేలల్లో తేలారు సరే, మిగతావాళ్ల సంగతి? లక్షల్లో తీసేస్తే వేలల్లో తప్పు అంటే సిస్టం బాగానే పనిచేసినట్టు. మనుషులు చూసినప్పుడు ఏం జరిగిందో నాకు తెలుసు. మా నాన్న ఆదాయ సర్టిఫికెట్ కోసం ఒక ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగాడు, కుర్చీలో ఉన్నాయన నోరు తెరిచి డబ్బులడగడు, "సర్వర్ డౌన్ ఉంది, రేపు రా పెద్దాయనా" అంటాడంతే. పక్కనే జిరాక్స్ షాపు అతనికి ఇవ్వాల్సింది ఇస్తే అదే సర్వర్ సాయంత్రానికల్లా లేచి కూర్చుంటుంది. మెషీన్ లంచం అడగదు. నాకు అది చాలు.

గల్లీ_గణేష్:
సర్వర్ లేచి కూర్చుంటది 😂 నిజం అన్నా

బోరబండ_భారతి:
లంచం అడగదు, కానీ మాట కూడా వినదు కదా. మా అత్త కేసు చెబుతా, ఏ పథకమో ఏ ఆఫీసో చెప్పను. ఇంట్లో ఒక కుట్టుమిషన్, జాకెట్లు కుడుతుంది. డబ్బు ఆగిపోయింది. అడిగితే నీ పేరున కారుందమ్మా అన్నారు. స్క్రీన్ మా వైపు తిప్పి చూపించారు కూడా, అదే పేరు, భర్త పేరూ అదే, అడ్రస్ మాత్రం ఎక్కడిదో. సార్ ఇది మా ఇల్లు కాదు అంటే "సిస్టంలో అట్లనే చూపిస్తోంది, మా చేతిలో ఏం లేదు" అన్నాడు. కారు ఉన్నవాళ్లయితే ఆర్సీ చూపిస్తారు, లేనివాళ్లు ఏం చూపించాలో ఎవరైనా చెప్పండి.

కొండాపూర్_కోడర్:
ఒక్క ప్రశ్న. కారు మీ ఇంట్లో ఎవరి పేరునా లేదా? మీ బావగారి పేరున?

బోరబండ_భారతి:
నేను అడిగింది అది కాదు.

కొండాపూర్_కోడర్:
నేను అడిగింది మాత్రం అదే. జవాబు చెప్పకుండా తప్పించుకుంటున్నారు. మా అపార్ట్‌మెంట్ వెనక ఒకాయనకు రెండు ట్యాక్సీలు, మూడు పోర్షన్ల అద్దె, చేతిలో రేషన్ కార్డు.

రిటైర్డ్_సూపరింటెండెంట్:
కారు గొడవ కాసేపు ఆపండి. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు నడిపినవాడిగా చెబుతున్నా, ఒకరి పేరు కొట్టేయాలంటే ముందు నోటీసు ఇవ్వాలి, వాళ్లు చెప్పేది వినాలి, తర్వాత కారణం రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం తప్పయితే మాకు మెమో వచ్చేది, ఇంక్రిమెంట్ ఆగేది. ఇప్పుడు మెమో ఎవరికి ఇస్తారు? ఆస్ట్రేలియాలో రోబోడెట్ అని ఇలాగే నడిపారు, ఏడాది ఆదాయాన్ని సగటు కట్టి పేదలు సర్కారుకు బాకీ ఉన్నారని కంప్యూటర్ లెక్క తేల్చింది, చివరికి రాయల్ కమిషన్ వేసి 2023లో రిపోర్టు ఇవ్వాల్సి వచ్చింది. అయితే నేను మెషీన్‌కి వ్యతిరేకిని కాను. నా పింఛను లైఫ్ సర్టిఫికెట్ సెల్ఫీతో ఇంట్లోనే అయిపోతోంది, మోకాళ్ల నొప్పులతో లైన్లో నిలబడే బాధ తప్పింది.

కొండాపూర్_కోడర్:
సార్, సంతకం పెట్టినవాళ్లలో ఎంతమందికి మెమో వచ్చిందో మీకే తెలియాలి. మా నాన్నను తిప్పినాయనకు ప్రమోషన్ వచ్చింది.

రిటైర్డ్_సూపరింటెండెంట్:
అందరినీ ఒకే గాటన కట్టకండి బాబూ.

కొండాపూర్_కోడర్:
మీరంతా ఏఐని కట్టడం లేదా అలాగే? నెలనెలా నా జీతంలో పన్ను ముందే కోసుకుంటున్నారు, నేను సంజాయిషీ ఇచ్చుకున్నా ఎవరూ వినరు. ఉచితంగా తీసుకునేవాళ్లని ఒక్క కాగితం అడిగితే మాత్రం మానవ హక్కులు!

బోరబండ_భారతి:
ఇదిగో, ఇప్పటికి బయటపడింది. మీ గొడవ లంచం కాదు, ఏఐ కూడా కాదు. మా అత్త దొంగ కాదని రుజువయ్యేదాకా దొంగే, అంతేగా మీ లెక్క? మా అత్త కూడా పన్ను కడుతుందండీ, దారం రీలు కొన్న ప్రతిసారీ. తిండి గింజలు 2013 ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కు, ఎవరి జేబులోంచో వేసిన ధర్మం కాదు. ఆ చట్టంలోనే ఫిర్యాదు వినడానికి జిల్లాకో అధికారి ఉండాలని రాశారు, మా బస్తీలో ఆయన ఎవరో ఎక్కడుంటాడో అడిగి చూడండి, ఒక్కరు చెబితే ఒట్టు.

కొండాపూర్_కోడర్:
దొంగ అని నేననలేదు. అడిగేవాళ్లు చూపించాలి అన్నా. లోన్‌కి పోతే బ్యాంకు నన్ను కాగితాలు అడగదా?

యూసుఫ్‌గూడ_పిల్ల:
బ్యాంకు అడుగుతుంది, కానీ మీ పేరే ఉన్న ఇంకొకడు బాకీ ఎగ్గొడితే మీ ఖాతా మూసేయదు కదా అన్నయ్యా

రిటైర్డ్_సూపరింటెండెంట్:
మధ్యేమార్గం ఒకటుంది. మెషీన్ అనుమానం ఉన్న పేర్లు మాత్రమే చూపించాలి, ఎందుకు అనుమానమో, ఏ బండి నంబరో తెలుగులో కాగితం మీద ఇవ్వాలి, ఇంటికెళ్లి చూసి నిర్ణయం మనిషి తీసుకోవాలి.

కొండాపూర్_కోడర్:
దానికి నాకూ అభ్యంతరం లేదు. కానీ విచారణ తేలేదాకా డబ్బు ఆపాలి.

బోరబండ_భారతి:
ఆపకూడదు. ఆపితే విచారణ ఎన్నేళ్లు నానుతుందో మీకూ తెలుసు, మీ నాన్నగారిని అడగండి. ఇస్తూ విచారించమనండి, అప్పుడు చూడండి ఆఫీసుల్లో స్పీడు.

కొండాపూర్_కోడర్:
మా నాన్నను లాగకండి. ఇస్తూ పోతే ఆ రెండు ట్యాక్సీలాయన దగ్గర తర్వాత వసూలు చేసేదెవరు, మీరా?

బోరబండ_భారతి:
ఆయన దగ్గర రెండు ట్యాక్సీలున్నాయని మీరే అంటున్నారు, వసూలు చేసుకోవచ్చు. మా అత్త కోల్పోయిన నెలలు ఎవరి దగ్గర వసూలు చేయాలి?

కొండాపూర్_కోడర్:
కారు ఎవరి పేరున ఉందో మీరు ఇప్పటికీ చెప్పలేదు.