స్కార్పియో-ఎన్ డీజిలా, టైగన్ 1.5 పెట్రోలా? మియాపూర్–మార్కాపురం మధ్య తిరిగే ఇంటికి ఏది?

మార్కాపురం మనిషి:

అందరికీ నమస్తే. కొన్నాళ్ళుగా మా ఇంట్లో ఇదే చర్చ, తెగడం లేదు. బండి నడిపే అనుభవం ఉన్నవాళ్ళు చెప్తారని ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడున్నది 2014 స్విఫ్ట్ డీజిల్. ఆ 1.3 ఇంజన్‌కి ఇప్పటికీ ఏ వంకా లేదు. కానీ ఏసీ పని ఒకసారి, సస్పెన్షన్ పని ఇంకోసారి వస్తూనే ఉంది. పైగా మేం కొన్నది ఎయిర్‌బ్యాగులు లేని వేరియంట్. పాపని వెనక కూర్చోబెట్టుకుని హైవే ఎక్కిన ప్రతిసారీ అదే గుర్తొస్తుంది. మారుతీ 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ ఇంజన్లే మానేసింది కాబట్టి మళ్ళీ అలాంటి చిన్న డీజిల్ కారు కొనే దారి లేదు.

మా తిరుగుడు ఇలా ఉంటుంది. ఉండేది మియాపూర్, ఆఫీసు నల్లగండ్ల. ఏడెనిమిది కిలోమీటర్లే, కానీ బీహెచ్ఈఎల్ చౌరస్తా, లింగంపల్లి దాటాలి. సాయంత్రం పూట నడిచినా అంతే టైము పడుతుంది. రెండు మూడు వారాలకోసారి ఊరు. మాది మార్కాపురం దాటాక లోపలికి. శనివారం పొద్దున్నే బయల్దేరితే శ్రీశైలం రోడ్డు: డిండి, మన్ననూరు, దోమలపెంట, దోర్నాల. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరితే ఆ దారి కుదరదు, రాత్రి 9 తర్వాత అడవిలోకి వదలరు. అప్పుడు సాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం మీదుగా వెళ్తాం.

వచ్చేటప్పుడు బండి ఖాళీగా రాదు. కందిపప్పు, బియ్యం, ఎండుమిర్చి మూట, అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి జాడీలు. ఊరి నుంచి పొలానికి మట్టిబాట. మాది నల్లరేగడి, వానాకాలంలో సంగతి చెప్పక్కర్లేదు.

రెండు బండ్లూ నడిపి చూశాను. ముందు మహీంద్రా స్కార్పియో-ఎన్ డీజిల్ ఆటోమేటిక్. 2.2 ఇంజన్, 175 పీఎస్, 400 ఎన్ఎం టార్క్ (లాగే బలం). కూర్చోగానే ముందున్న బండ్ల మీదుగా రోడ్డంతా కనిపిస్తుంది. గుంత వస్తే బ్రేకు మీదికి కాలు వెళ్ళదు. నాన్న వెనక సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చుని, "బండంటే ఇదిరా" అన్నాడు. ఆయన మట్టుకు చర్చ అక్కడితో ముగిసింది.

తర్వాత ఫోక్స్‌వ్యాగన్ టైగన్ 1.5 డీఎస్‌జీ. డీఎస్‌జీ అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 150 పీఎస్, 250 ఎన్ఎం. కాగితం మీద అన్నీ తక్కువే. కానీ స్కార్పియో-ఎన్ దాదాపు రెండు టన్నుల బరువైతే ఇది సుమారు 1.3 టన్నులు. ఆ తేడా మొదటి మలుపులోనే తెలిసిపోయింది. స్టీరింగ్ ఎంత తిప్పానో బండి అంతే తిరిగింది, ఒళ్ళు అటూ ఇటూ ఊగలేదు. బ్రేకు కొట్టినప్పుడు ముక్కు నేలకి వంగలేదు. షోరూమ్‌కి తిరిగొచ్చాక దిగబుద్ధి కాలేదు, ఇంకో రౌండ్ అడిగి మరీ వెళ్ళాను.

బండి నడపడం నాకు నిజంగా ఇష్టం. మన్ననూరు దాటాక చెట్ల నీడలో ఆ మలుపులు మొదలవుతాయే, వారం మొత్తంలో నాకు నేనుగా ఉండేది ఆ కాస్త సేపే. స్పీడు కోసం కాదు, ఆ అడవిలో స్పీడుగా వెళ్ళకూడదు కూడా. లేళ్ళు, కోతులు ఎప్పుడు అడ్డొస్తాయో తెలీదు. నెమ్మదిగా వెళ్తూ కూడా బండి చేతిలో ఉన్నట్టు అనిపించాలి. నాకు కావాల్సింది అదే.

ఇంట్లో మాత్రం "డీజిల్ ఆదా, ఏడుగురు పడతారు, పల్లెటూరి రోడ్డుకి పెద్ద బండే కావాలి" అంటున్నారు. ఈ మూడింటిలో ఇప్పటికీ ఎంత నిజముందో చెప్పండి. పన్ను కూడా 2025 సెప్టెంబర్ 22 నుంచి రెండింటికీ ఒకే 40 శాతం. అంతకు ముందు సెస్‌తో కలిపి స్కార్పియోకి 50, టైగన్‌కి 45 ఉండేది. ఆ రకంగా చూసినా ఏదో ఒకటి తేల్చే తేడా లేదు.

ఒంగోలు షెడ్డు:

తమ్ముడూ, నేను బండ్లు అమ్మేవాణ్ణి కాదు, బాగుచేసేవాణ్ణి. ఆ ఏడెనిమిది కిలోమీటర్ల దగ్గరే మాట్లాడతాను.

మీ స్విఫ్ట్ బీఎస్4, అంటే పాత పొగ నిబంధనల బండి. దానికి డీపీఎఫ్ (డీజిల్ మసిని పట్టే ఫిల్టర్) లేదు, అందుకే ఎలా తిప్పినా ఊరుకుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్6 డీజిల్ వేరు. పొగ గొట్టంలో ఉండే ఫిల్టర్ మసిని పట్టుకుంటుంది. అది నిండేకొద్దీ బండే ఇంకాస్త డీజిల్ పోసి, ఆ వేడిని 600 డిగ్రీల దాకా తీసుకెళ్ళి మసిని కాల్చేస్తుంది. ఇది జరగాలంటే బండి ఆగకుండా ఒక పావుగంట, ఇరవై నిమిషాలు ఒకే స్పీడులో పోవాలి. లింగంపల్లి ట్రాఫిక్‌లో అది అవ్వదు. సగం కాలేసరికి మీరు ఆఫీసు చేరి తాళం తిప్పేస్తారు. మళ్ళీ సాయంత్రం అదే కథ. కాలకుండా మిగిలిన డీజిల్ కొంత ఇంజనాయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటుంది. మా షెడ్డుకి అలా వచ్చే బండ్లున్నాయి. అన్నీ స్కూలుకీ, బజారుకీ తిప్పేవే. లాంగ్ రూట్ తిరిగే డీజిల్ బండి ఈ పని మీద నా దగ్గరికి రాదు.

నువ్వు రెండు మూడు వారాలకోసారి సాగర్ రోడ్డు ఎక్కుతావు కాబట్టి పాడైపోతుందని భయపెట్టను. కానీ డీజిలే తీసుకుంటే మధ్య వారాల్లో ఒక ఆదివారం ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి ఓ అరగంట పోయి రా. ఫిల్టర్ లైటు వెలిగితే మాత్రం ఆ రోజే పో. యాడ్‌బ్లూ కూడా ఉంటుంది, పొగని శుభ్రం చేయడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రవం, అది పూర్తిగా అయిపోతే ఆపిన బండి మళ్ళీ స్టార్ట్ అవ్వదు. మంచి సీలున్న డబ్బానే కొను. నీళ్ళు కలిపిన సరుకు పోశాక సెన్సర్లు పోయిన బండ్లు చూశాను.

డీఎస్‌జీకి కూడా ఒక మాట. అది డ్రై క్లచ్, అంటే ఆయిల్‌లో మునిగి ఉండదు, త్వరగా వేడెక్కుతుంది. ట్రాఫిక్‌లో అంగుళం అంగుళం పాకించకు. ముందు బండి కాస్త దూరం పోయాక ఒకేసారి కదులు, ఆగితే బ్రేకు నిండా నొక్కి పట్టుకో. ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటుంటే మానుకో.

ఆత్మకూరు రైతుబిడ్డ:

అన్నా, నాది స్కార్పియో-ఎన్ డీజిలే, ఆత్మకూరు నుంచి దోర్నాల ఘాట్ నాకు ఇంటి ముందు వీధి లాంటిది. బండి మీద నాకు ప్రాణం. అయినా మీరు అడిగిన మూడింటికీ ఉన్నదున్నట్టు చెప్తా.

ఏడుగురు పడతారు, నిజం. కానీ ఏడుగురు ఎక్కితే వెనక ఒక బ్యాగు, రెండు కవర్లు, అంతే. మీ కందిపప్పు మూట పట్టాలంటే మూడో వరస ఎత్తాలి. అది కూడా నేలకి సమంగా పడుకోదు, మడిచి ముందుకు నిలబెట్టాలి. అంటే ఏడుగురో, మూటలో, ఏదో ఒకటే.

మైలేజీ నాకు ఊళ్ళో 10, హైవేలో 14 దాకా వస్తుంది. రెండు టన్నుల బండికి అది మంచిదే.

ఇక పొలం బాట. ఇక్కడ చాలామంది పొరబడతారు. నల్లరేగడి తడిస్తే టైరు గాట్లన్నీ మట్టితో పూడిపోతాయి, ఎత్తున్న బండైనా సరే జారుడే. స్కార్పియో టూ వీల్ డ్రైవ్‌లో ఇంజన్ తిప్పేది వెనక చక్రాలనే. వెనక బరువు లేకపోతే ఇంకా త్వరగా కూరుకుంటుంది. ఆ బాట కోసమే కొనాలంటే నాలుగు చక్రాలూ తిరిగే ఫోర్ బై ఫోర్ తీసుకోండి. లేదంటే వానాకాలంలో అది కూడా మీ టైగన్‌లాగే ఊరి రోడ్డు మీద ఆగాల్సిందే.

ఎందుకు కొనాలో కూడా చెప్పాలి కదా. గుంతల రోడ్డు మీద రోజంతా తిరిగి ఇంటికొచ్చినా నడుము నొప్పి ఉండదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఐదుగురున్నా, సామానున్నా ఇంజన్ అరవదు. రోజూ పల్లెల్లో తిరిగేవాడికి దీనికి మించింది లేదు. మీరు రోజూ తిరిగేది ఎక్కడ, అది చూసుకోండి.

పాడేరు ఘాట్:

నమస్తే అండీ. నాది విశాఖ. ఉద్యోగరీత్యా చోడవరం, వడ్డాది మీదుగా పాడేరు ఘాట్ ఎక్కుతుంటాను. నా బండి టైగన్ 1.5.

నడిపే సంతోషాన్ని మీరు ఇంట్లోవాళ్ళ ముందు కాస్త మొహమాటంగా పెడుతున్నట్టు అనిపించింది. అక్కర్లేదండీ. మలుపులో ఎదురుగా బస్సు గీత దాటి వచ్చినప్పుడు, బండి చెప్పిన మాట వెంటనే వినడం ఇంట్లో అందరికీ పనికొచ్చే సంగతి. పాప గురించి రాశారు కాబట్టి ఇది కూడా చూడండి: 2022లో బండ్లని గుద్దించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షల్లో పెద్దల రక్షణకి రెండు బండ్లకీ 5 స్టార్లు వచ్చాయి. పిల్లల రక్షణకి టైగన్‌కి 5, స్కార్పియో-ఎన్‌కి 3. ఏది కొన్నా చైల్డ్ సీటు మాత్రం వాడండి. ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే ఏ స్టారూ కాపాడదు.

ఇబ్బందులు కూడా చెప్తాను. వెనక ఇద్దరు పెద్దవాళ్ళు, మధ్యలో పాప, అంతవరకే హాయి. ముగ్గురు పెద్దవాళ్ళు కూర్చుంటే భుజాలు రాసుకుంటాయి, మీ ప్రయాణానికి అది కష్టం. చైల్డ్ సీటు బిగించాక వెనక ఇంక ఇద్దరు పట్టడం కూడా ఇరుకే, ఒకరు ముందు కూర్చోవాలి. డిక్కీ 385 లీటర్లు, జాడీలూ మూటలూ సర్దుకుంటే పడతాయి. 17 అంగుళాల టైర్ల గోడ పొట్టి, కాబట్టి గుంత కనబడితే తప్పించాల్సిందే. నేల నుంచి బండి అడుగుకి 188 మిల్లీమీటర్ల ఎత్తు మా ఏజెన్సీ రోడ్లకి ఇంతవరకు చాలింది. మైలేజీ ఊళ్ళో 10–11, హైవే మీద నిదానంగా పోతే 16 దాటుతుంది, ఇది ఈ20 పెట్రోల్‌తోనే.

ఒక్క మనవి. మలుపులు మీకు ఇష్టమని వెనకవాళ్ళకీ ఇష్టం ఉండదు. ఘాట్‌లో పిల్లలు వాంతి చేసుకునేది ఎక్కువగా స్టీరింగ్, బ్రేకు కుదుపులకే. పాప కడుపుని బట్టి నడపండి.

మార్కాపురం మనిషి:

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మీరు చెప్పాక కూర్చుని లెక్క వేశాను. మాకు ఏడాదికి 12 వేల కిలోమీటర్లు అనుకుందాం. లీటరు పెట్రోల్ 107, డీజిల్ 96 రూపాయలు అనుకుంటే, టైగన్ 13 ఇస్తే దాదాపు 99 వేలు. స్కార్పియో 12 ఇస్తే 96 వేలు. యాడ్‌బ్లూ ఖర్చు కలపకుండానే. ఏడాదికి మూడు వేలు! స్విఫ్ట్ కొన్న రోజుల్లో డీజిల్ అంటే సగానికి సగం ఆదా అన్న లెక్క మా నాన్న బుర్రలో అలాగే ఉండిపోయింది. 2014 అక్టోబర్‌లో డీజిల్ ధర మీద నియంత్రణ తీసేశాక ఆ తేడా కరుగుతూ వచ్చింది, పైగా అప్పుడు మాది చిన్న బండి. కాగితం మీద రాసి చూపిస్తే ఆయన కాసేపు చూసి, "అయితే డీజిల్ మాట వదిలెయ్" అన్నాడు.

నిన్న అమ్మని కూడా తీసుకెళ్ళాను. ఆమె మోకాళ్ళ సంగతి మేమెవరం లెక్కలోకే తీసుకోలేదు. స్కార్పియో ఎక్కడానికి పైనున్న పిడి పట్టుకుని, నా భుజం మీద చెయ్యేసి, రెండోసారికి ఎక్కింది. దిగడం ఇంకా కష్టమైంది. టైగన్‌లో ముందు సీట్లో మామూలుగా కూర్చుని మామూలుగా లేచింది. మా సెల్లార్‌లో స్తంభాల మధ్య కొలిచాను కూడా. స్కార్పియో వెడల్పు 1917 మిల్లీమీటర్లు, టైగన్ 1760. పెద్ద బండి పెడితే పక్కవాళ్ళ తలుపు సగమే తెరుచుకుంటుంది, రోజూ గొడవ.

టైగన్ వైపే వెళ్తున్నాం. నాన్న, అమ్మ, మేమిద్దరం, పాప కలిసి వెళ్ళేది ఎక్కువగా పండగలకే. ఆ నాలుగు రోజులకి ఇన్నోవా అద్దెకి తీసుకుంటాం. ఒక సందేహం మిగిలింది. స్విఫ్ట్‌ని అమ్మకుండా ఊళ్ళో మా తమ్ముడికి ఇద్దామనుకుంటున్నాను. మూటలకీ, మార్కాపురం యార్డుకీ పనికొస్తుంది. బండి తెలంగాణ నంబరు. అలా ఉంచేయొచ్చా?

ఆత్మకూరు రైతుబిడ్డ:

ఇవ్వండి అన్నా, కానీ 12 నెలలు దాటి వేరే రాష్ట్రంలో ఉంచితే ఆ రాష్ట్రం నంబరుకి మార్చుకోవాలి, చట్టంలో అలాగే ఉంది. ముందు మీ ఆర్టీఏ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోండి, తర్వాత ఆంధ్రలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. బండి వయసుని బట్టి అది తగ్గుతుంది. తెలంగాణలో కట్టిన దాంట్లో మిగిలిన కాలానికి వాపసు అడగొచ్చు, పాత రసీదు పారేయకండి. 2014 బండి కాబట్టి రిజిస్ట్రేషన్ 2029 దాకా ఉంటుంది. పేరు కూడా తమ్ముడి మీదకి అప్పుడే మార్పించేయండి, ఇన్సూరెన్స్ కూడా ఆయన పేరునే ఉండాలి. ఎన్ఓసీకి వెళ్ళేముందు పెండింగ్ చలాన్లు చూసుకోండి. అవి కట్టకుండా కాగితం ఇవ్వరు.