డిఎల్ డిస్కు సగంలో ఆగిపోతే స్పీడ్ తగ్గించడమే మందా?

కావలి_మిక్సింగ్:
అన్నలందరికీ నమస్తే. కావలిలో చిన్న మిక్సింగ్ యూనిట్ మాది. పెన్‌డ్రైవ్ ఇచ్చినా సరే దాంతోపాటు ఒక డీవీడీ కూడా పెట్టండి అని అడిగేవాళ్ళు మా దగ్గర ఇంకా ఉండారు, పెద్దోళ్ళుండే ఇళ్ళల్లో అయితే మరీను. మూడు గంటల పెళ్ళి క్వాలిటీ పోకుండా ఒకే డిస్కులో పట్టాలంటే డ్యూయల్ లేయర్ (డిఎల్, అంటే రెండు పొరల) డిస్కు తప్ప దారి లేదు, అదేమో ఈ సీజన్లో ప్రాణం తీస్తా ఉంది. సగం దాకా చక్కగా పోద్ది, 49, 50 శాతం దగ్గరికి వచ్చేసరికి డ్రైవు కాసేపు గరగరమని రైట్ ఎర్రర్ కొట్టి ఆగిపోద్ది. కొన్ని రాయడం పూర్తయినా, రాసింది సరిగ్గా పడిందో లేదో చూసే వెరిఫైలో ఆగుతా ఉండాయి. వెరిఫై కూడా అయిందిలే అని ఇచ్చి పంపిస్తే కస్టమర్ ఇంట్లో పాత ప్లేయర్లో సరిగ్గా తలంబ్రాల కాడికి వచ్చేసరికి బొమ్మ ఆగిపోద్ది, వాళ్ళు ఫోన్ చేసి అడిగితే ఏం చెప్పాలో తెలియదు.

ఇక్కడ ఎవర్ని అడిగినా స్పీడ్ తగ్గించు, 2.4 ఎక్స్‌లో (డీవీడీ మూల వేగానికి 2.4 రెట్లు) కొట్టు అంటారు. నా డ్రైవులో ఈ డిస్కు పెడితే 2.4 చూపించనే చూపించదు, 4 నుంచే మొదలు. అయినా స్పీడే కారణమైతే యాడో ఒకచోట ఆగాలి గదా, ఎప్పుడు చూసినా సగంలోనే ఎందుకు ఆగుద్ది? నాకైతే ఆ మాట మింగుడు పడలా. తెలిసినోళ్ళు చెప్పండి.

ఒంగోలు_ల్యాబ్:
తమ్ముడూ, నువ్వు నమ్మినా నమ్మకపోయినా స్పీడే అసలు సంగతి. డబుల్ లేయర్ ప్లస్ ఆర్ (డీవీడీ+ఆర్ రకం) డిస్కులు 2004లో వచ్చినప్పుడు 2.4 ఎక్స్‌లోనే వచ్చాయి, డిస్కు ముప్పావు గంట పట్టేది, అయినా అప్పుడు కొట్టినవి ఈరోజుకీ ఆడతన్నాయి మా దగ్గర. రెండో పొర మీద రాయాలంటే లేజర్ మొదటి పొరలోంచి దూరి పోవాలి, దానికి పవర్ ఎక్కువ కావాలి, నిదానంగా పోతే ఆ గుర్తు బలంగా పడుద్ది. తొందరపడి 8 ఎక్స్‌లో కొట్టి డిస్కు బాలేదు అంటే ఎట్టా? నీ డ్రైవులో 2.4 రాకపోతే వచ్చే డ్రైవు వెతుక్కో. మా ల్యాబులో ఎవరొచ్చి అడిగినా నేను ఇదే చెప్తా.

పెన్నా_గట్టు:
ఒంగోలు అన్నా, లేజర్ గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం, స్పీడ్ దగ్గరే నేను ఒప్పుకోను. నెల్లూరులో డ్రైవులూ ప్లేయర్లూ బాగుచేసే పనిలో చాన్నాళ్ళుగా ఉన్నా కాబట్టి కాస్త వివరంగా చెప్తా, ఓపిగ్గా చదవండి.

కావలి తమ్ముడు అడిగిన సగం ప్రశ్నలోనే జవాబు ఉంది. ఈ డిస్కులో మొదటి పొర లోపల్నించి బయటి అంచుకి రాసుకుంటా పోద్ది, అంచు దగ్గర ఆగి రెండో పొర మీద ఫోకస్ పెట్టుకోని బయట్నించి మళ్ళీ లోపలికి వస్తది. అంటే 50 శాతం అనేది పొర మారే చోటు, అదే డిస్కు అంచు. డిస్కు మొత్తంలో బలహీనమైన చోటు కూడా అంచే. 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికిస్తారు, రంగు పూత గానీ జిగురు గానీ సమానంగా లేకపోతే ముందు బయటపడేది అక్కడే, మనం వేళ్ళతో పట్టుకునేదీ అక్కడే. ఫెయిలయిన డిస్కు ఒకటి ట్యూబ్‌లైట్ కింద పెట్టి ఏటవాలుగా తిప్పి చూడు, రాసిన భాగం కాస్త ముదురుగా కనపడుద్ది, ఆ ముదురు రంగు అంచు దాకా వచ్చి ఆగిపోయిందా లేదా చూడు, అంచు చుట్టూ అలలు అలలుగా మరకలు ఉంటే అది డిస్కు తయారీ లోపమే, నువ్వు ఏ స్పీడ్ పెట్టినా అంతే.

ఇంక స్పీడ్ సంగతి. డ్రైవు తనంతట తాను ఆలోచించి పవర్ పెట్టదు. ప్రతి డిస్కు లోపలి భాగంలో తయారీదారు కోడ్ ఒకటి ఉంటది, డ్రైవు ఫర్మ్‌వేర్లో, అంటే దాని లోపలుండే ప్రోగ్రాంలో, ఆ కోడ్‌కి ఏ స్పీడ్‌లో ఎంత పవర్, ఎంతసేపు అని పట్టిక ఉంటది. 8 ఎక్స్ రేటింగ్ డిస్కుకి ఆ పట్టికలో 4, 6, 8 బాగా సరిచేసి పెట్టుంటారు, 2.4 ఒక్కోసారి ఉండదు, ఉన్నా దాని మీద పెద్దగా పని చేసుండరు. అందుకే అన్నిటికన్నా తక్కువ స్పీడే అన్నిటికన్నా మంచిది అనే సూత్రం 2.4 డిస్కుల కాలానికి సరిపోయింది గానీ 8 ఎక్స్ డిస్కుకి సరిపోదు. 8 ఎక్స్ డిస్కుకి నా లెక్కలో 4 ఎక్స్ మంచి స్పీడ్, 8.5 జీబీ 25 నిమిషాల పైన పట్టుద్ది. కోడ్ తెలియకుండా స్పీడ్ గురించి ఎంత కొట్టుకున్నా లాభం లేదు. డిస్కులు రాసే ఇమ్‌గ్‌బర్న్ సాఫ్ట్‌వేర్ తెరిచి డిస్కు పెడితే కుడి పక్కన డిస్క్ ఐడి అని ఆ కోడ్ కనపడుద్ది, అది ఇక్కడ పెట్టు తమ్ముడూ.

గూడూరు_రీడర్:
అసలు ఈ డ్యూయల్ లేయర్ ఎందుకని నేనంటా. మూడు గంటల పెళ్ళి రెండు మామూలు 4.7 జీబీ డిస్కుల్లో పెడితే ఒక్కోదాంట్లో గంటన్నర వస్తది, అంటే సెకనుకి దగ్గర దగ్గర 6.9 మెగాబిట్లు. డ్యూయల్ లేయర్ ఒకదాంట్లో అదే మూడు గంటలు పెడితే 6.3 దాటదు. క్వాలిటీ కోసమే డ్యూయల్ లేయర్ అంటుండారు గదా, క్వాలిటీ రెండు డిస్కుల్లోనే ఎక్కువ, ఖర్చు తక్కువ, ఫెయిలయ్యేవి తక్కువ, పాత ప్లేయర్లలో ఎక్కువ వాటిల్లో ఆడతాయి. ముహూర్తం దాకా ఒకటి, అక్కడ్నించి అప్పగింతల దాకా ఒకటి. ఇంత సులువుగా అయ్యే పనికి డిస్కులు పారేసుకోవడం దేనికి?

కావలి_మిక్సింగ్:
గూడూరు అన్నా, లెక్క బాగానే ఉంది గానీ ఇంట్లో డిస్కు మార్చే వాళ్ళెవరు? పిల్లలంతా హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటారు, అమ్మానాయనా ఇద్దరే ఇంట్లో, ప్లేయర్లో డిస్కు పెట్టడమే వాళ్ళకి పక్కింటబ్బాయి నేర్పుంటాడు. రెండిచ్చామంటే రెండోది కవర్లోనే ఉండిపోద్ది, పెళ్ళి చూడలేదని మళ్ళీ మనకే ఫోన్. వాళ్ళు అడిగింది ఒకే డిస్కు, నేను ఇవ్వాల్సింది కూడా అదే.

పెన్నా అన్నా, ఐడి చూశా. మంచి బ్రాండ్ డబ్బాలోవి ఎంకేఎం 003 అని వచ్చాయి. ఎక్కువ ఫెయిలయ్యేవి మాత్రం నెల్లూరు నుంచి పేరు లేని స్పిండిల్ ఒకటి తెప్పించా, అందులోవి, వాటి కోడ్ ఇంకేదో ఉంది. డ్రైవు యూఎస్‌బీది, సన్నది, ల్యాప్‌టాప్‌కి పెట్టుకునేది.

ఒంగోలు_ల్యాబ్:
పెన్నా తమ్ముడు చెప్పిన పట్టిక మాట నాకు కొత్తేం కాదు, కానీ ఫర్మ్‌వేర్ రాసినోడు మన ఒంగోలు ఎండలో కూర్చోని రాయలా. రోహిణి కార్తెలో మధ్యాహ్నం రెండింటికి కేబినెట్ మీద చెయ్యి పెడితే కాలిపోద్ది, డ్రైవు పావుగంట తిరిగేసరికి ఇంకా వేడెక్కుద్ది, అప్పుడే కదా ఈ అంచు దగ్గరికి వచ్చేది. నిదానంగా పోతే మోటారు మీద, లేజర్ మీద భారం తగ్గుద్ది. అందుకే నేను స్పీడ్ అంటన్నా. నా దగ్గర ఎంకేఎం 001 డిస్కులు కొన్ని మిగిలున్నాయి, 2.4 వి, వాటి మీద 2.4 కే కొడతా, నాకు తేడా రాలా.

పెన్నా_గట్టు:
001 డిస్కు 2.4 లో కొడితే తేడా రాదన్నా, అది ఆ స్పీడ్‌కే పుట్టింది. మీ అనుభవమూ నా మాటా ఒకటే చెప్తున్నాయి, డిస్కు దేనికి తయారయ్యిందో ఆ స్పీడ్‌లో కొట్టమని. 8 ఎక్స్ డిస్కైన 003 ని 2.4 కి లాగడమే నేను వద్దనేది. వేడి మాట మాత్రం ఒప్పుకుంటా, కానీ 2.4 లో కొడితే డ్రైవు 25 నిమిషాల బదులు 45 నిమిషాలు వేడిలో నడుస్తది, అది కూడా చూడండి. పొద్దున్నే ఎండెక్కకముందు కొట్టుకుంటే రెండు బాధలూ ఉండవు.

సింగరాయకొండ_సిస్టమ్స్:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోమాకండి, కావలి తమ్ముడి యూఎస్‌బీ డ్రైవు మాట ఎవరూ పట్టించుకోలా. మామూలు యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపులు. సన్న డ్రైవు చదివేటప్పుడు అందులో సరిపెట్టుకుంటది గానీ రెండో పొర మీద రాసేటప్పుడు లేజర్ కరెంటు పెరుగుద్ది, అప్పుడు చాలదు. సగం దాకా బాగా పోయి అక్కడ ఆగడానికి ఇదీ ఒక కారణం. ముందు పక్క పోర్టు వాడమాక, హబ్బు అసలే వద్దు, కేబినెట్ వెనక పోర్టులో రెండు తలల కేబులుతో పెట్టి చూడు. వీలైతే సాటా కేబులుతో లోపల బిగించే పెద్ద డ్రైవు సెకండ్‌హ్యాండ్‌దైనా ఒకటి తెచ్చుకో, డిఎల్ పనికి సన్న డ్రైవు ఎప్పుడూ అంతంతమాత్రమే. పవర్ క్యాలిబ్రేషన్ ఏరియా (రాసే ముందు లేజర్ పవర్ పరీక్షించుకునే చోటు) ఎర్రర్ అని వస్తే మాత్రం అది వేరే జబ్బు, మొదట్లోనే ఆగుద్ది, లేజర్ అరిగిపోయిందనో లెన్స్ మీద దుమ్ముందనో డిస్కు అసలు నచ్చలేదనో అర్థం. మా వైపు సముద్రపు గాలికి లెన్స్ మీద సన్నగా పొర పడుద్ది, చీమకుర్తి గ్రానైట్ దుమ్ము సంగతి అయితే చెప్పే పనే లేదు.

పెన్నా_గట్టు:
మంచి మాట చెప్పారు. నేను ఇంకో రెండు సంగతులు కలుపుతా, ఎందుకంటే ఇవి చేస్తే ఒకే డిస్కు అనే కావలి తమ్ముడి పట్టుదల నిలబడుద్ది.

మొదట సైజు. డిస్కుని మొయ్యా నింపొద్దు. వీడియో 6 మెగాబిట్లు పెట్టి మూడు గంటలు చేస్తే ఆడియోతో కలిపి 8.4 జీబీ వస్తది, విండోస్ దాన్ని 7.8 అని చూపిస్తది కాబట్టి ఇంకా ఖాళీ ఉందిలే అనుకుంటాం, ఉండదు. డిస్కు మొత్తమే 8.54, అంటే అంచు చివరి దాకా పోవాల్సిందే. అదే వీడియో 5 కి దించి ఆడియో ఏసీ3 (డాల్బీ) రకంలో 224 కిలోబిట్లు పెడితే మూడు గంటలకి 7 జీబీ సుమారు వస్తది. అప్పుడు పొరకి మూడున్నర జీబీ, రాయడం అంచుకి నాలుగు మిల్లీమీటర్లు ముందే వెనక్కి తిరుగుద్ది. ఆ నాలుగు మిల్లీమీటర్లే మన శత్రువు. ముఖం మీద ఆ తేడా ఏ పాత టీవీలోనూ కనపడదు.

రెండోది పొర మారే చోటు. డీవీడీ వీడియోలో అది ఒక సెల్ (వీడియో ముక్క) మొదలయ్యే చోటే పడాలి, 16 సెక్టార్ల లెక్కలో ఉండాలి, మొదటి పొర రెండోదానికన్నా చిన్నది కాకూడదు. 8.4 జీబీ నింపితే నీకు దొరికే సందు ఒకటిన్నర నిమిషం, అందులో చాప్టర్ లేకపోతే సాఫ్ట్‌వేర్ ఎక్కడో ఒకచోట నరుకుద్ది. 7 జీబీ అయితే పదిహేను నిమిషాల పైనే సందు ఉంటది. తలంబ్రాల కాడ ఆగుతా ఉందన్నావు, మూడు గంటల వీడియోలో అది సగం దాటిన చోటే అయ్యుంటది. పొర మారేటప్పుడు ప్లేయర్ రెప్పపాటు తడబడటం కంపెనీ వాళ్ళు అచ్చేసిన సినిమా డిస్కుల్లో కూడా ఉంటది, దాన్ని తప్పించలేం, కానీ చాప్టర్ పాయింటు తీసుకెళ్ళి భోజనాల సీను మొదట్లో పెట్టు, అక్కడ ఆగినా ఎవరికీ బాధ లేదు. ప్లస్ ఆర్ డిఎల్ కొట్టే ముందు బుక్ టైప్ (ఇది ఏ రకం డిస్కో ప్లేయర్‌కి చెప్పే గుర్తు) డీవీడీ రోమ్ అని పెట్టుకో, చాలా పాత ప్లేయర్లు అది చూసే డిస్కుని ఒప్పుకుంటాయి. మైనస్ ఆర్ డిఎల్‌లో ఆ వీలు లేదు.

గూడూరు_రీడర్:
ఇంత చెప్పాక నేను రెండు డిస్కుల మాట వెనక్కి తీసుకోను, వీడియో 5 కి దించుతుండావంటే నా 6.9 ముందు అది ఇంకా తగ్గినట్టే కదా. కానీ ఆ పెద్దోళ్ళ సంగతి నిజమే, మా నాయనమ్మ కూడా అంతే. ఒక్కటి మాత్రం తప్పకుండా చెయ్యి, ఐఎస్‌వో ఫైల్ (డిస్కు మొత్తం నకలు) హార్డ్‌డిస్కులో కనీసం ఏడాది ఉంచు. వెరిఫై రాసిన డ్రైవులో కాకుండా ఇంకో డ్రైవులో చెయ్యి, రాసిన డ్రైవు తన రాత తాను ఎట్టాగో చదివేసుకుంటది.

కావలి_మిక్సింగ్:
అందరికీ చాలా థ్యాంక్స్ అన్నా. తెలిసినాయన దగ్గర సాటా డ్రైవు తెచ్చి బిగించా, 003 డిస్కు, 7 జీబీ, 4 ఎక్స్, పొద్దున ఆరింటికి. సగం దగ్గర ఊపిరి బిగబట్టుకోని చూశా, ఆగలా, పోయింది. వెరిఫై పక్క షాపు సిస్టంలో కూడా అయింది. అదే పద్ధతిలో పేరు లేని స్పిండిల్లోది పెడితే సాటా డ్రైవులో కూడా సగంలోనే ఆగింది, ట్యూబ్‌లైట్ కింద చూస్తే పెన్నా అన్న చెప్పిన అలల మరకలు దాని అంచు చుట్టూ ఉండాయి. బుక్ టైప్ మార్చిన డిస్కు ఇంకా ఆ పాత ప్లేయర్ ఇంటికి పంపలా, ఆదివారం పంపిస్తా.

ఒంగోలు_ల్యాబ్:
సంతోషం తమ్ముడూ. కానీ 003 ఒకటి 2.4 వచ్చే డ్రైవులో నేను కొడతా, ఇంకోటి 4 లో కొడతా, రెండూ నెల్లూరు పంపిస్తా, పెన్నా తమ్ముడు ఎర్రర్ స్కాన్ చేసి పీఐఈ, పీఐఎఫ్ (చదివేటప్పుడు పడే తప్పులు, వాటిలో మొదటి దశలో సరిదిద్దలేకపోయినవి) లెక్కలు రెండూ ఇక్కడ పెట్టాల. అంతవరకు నా మాట నాదే.

పెన్నా_గట్టు:
పంపండన్నా. స్కాన్ ఒకే డ్రైవులో ఒకే స్పీడ్‌లో చేస్తా, పీఐఎఫ్ 4 దాటితే ఏ డిస్కుదైనా సరే దాచకుండా చెప్తా. అంచు దగ్గర వేలు పెట్టకుండా ప్యాక్ చేయించండి.