కిక్కురుమనని చోట ‘షీ...న్’

మా అమ్మాయి మాంగా (జపాన్ బొమ్మల కథలు) పిచ్చిది. మొన్న ఒక పేజీ తెచ్చి నా ముందు పెట్టింది. తరగతి గదిలో ఒకడు జోకు వేశాడు, ఎవరూ నవ్వలేదు. పక్క గడిలో మాటల బుడగ కూడా లేదు. బెంచీలు, కిటికీ, వాటి మీదుగా పెద్దపెద్ద అక్షరాల్లో ‘షీ...న్’. "ఇదేం చప్పుడు నాన్నా?" అంది. చప్పుడు కాదు తల్లీ, చప్పుడు లేకపోవడం. జపాన్ వాళ్లు దానికీ ఒక ధ్వని కట్టారు.

మాంగాలో ఇలా రాయడం తానే మొదలుపెట్టానని ఒసాము తెజుకా చెప్పుకున్నారు, 1952లో ‘ఆస్ట్రో బాయ్’ మాంగా మొదలుపెట్టినాయన. మాట వాళ్ల భాషలో అంతకుముందే ఉంది. దాన్ని బొమ్మలోకి ఎక్కించడం గురించే ఆయన చెప్పింది.

ఆ పేజీని తెలుగు చేద్దామని కూర్చున్నాను. మిగతా ధ్వని మాటలేవీ ఇబ్బంది పెట్టలేదు. వాళ్ల గుండె ‘దొకిదొకి’ అంటే మనది దడదడ. ‘గెరగెర’ నవ్వితే పకపక. ‘కిరకిర’ అంటే తళతళ (మన కిర్రుచెప్పులు గుర్తొస్తే నా తప్పు కాదు). తళతళకు నిజానికి చప్పుడేముంది? కంటికి కనపడేదాన్ని చెవికి వినిపించడం రెండు భాషలకూ అలవాటే.

ఇంకో పోలిక చూసి ముచ్చటేసింది. ‘కిరకిర’ పక్కన వాళ్లు తరచుగా ‘తొ’ అనే చిన్న ముక్క చేరుస్తారు. ఎవరో అన్న మాటను చెప్పేటప్పుడూ అదే ‘తొ’. అంటే అచ్చం మన ‘అని’. "వస్తానని చెప్పాడు", "తళతళమని మెరిసింది". నక్షత్రం మెరవడం కూడా ఏదో అనడమే, ఇక్కడా అక్కడా.

ఇంత దగ్గరగా వచ్చి ‘షీన్’ దగ్గర దారులు చీలాయి. మనం ఏమంటాం? కిక్కురుమనలేదు. చడీచప్పుడూ లేదు. చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. ముందు ఒక చప్పుడును పిలుస్తాం, తర్వాత అది లేదనో, ఉంటే వినపడేదనో అంటాం. వాళ్లు ఏకంగా ‘షీన్’మని ఉంది అంటారు. లేమి కాదు, ఉనికి. దీనికి తెలుగులో సూటి మాట ఉందా?

చదివినవాళ్ల మాటలు, నా జవాబులు:

— మాస్టారూ, ‘ఇల్లు బావురుమంటోంది’ మర్చిపోయారా? పెళ్లివారంతా వెళ్లిపోయాక మా నాయనమ్మ ఆ మాటే అనేది. బావురుమనడమంటే ఏడుపే కదా, ఖాళీ ఇంటికి ఏడుపు చప్పుడు పెట్టాం.

— భలే పట్టారమ్మా! నాకు తట్టనే లేదు. అయితే అందులో దిగులు ఉంది, మనుషులు వెళ్లిపోయారన్న లోటు ఉంది. జోకు పేలని తరగతి గది బావురుమనదు. అర్ధరాత్రి ఖాళీ వీధి బొమ్మలో ‘షీన్’ ఉంటే మాత్రం మీ మాటే పెడతాను.

— అన్నా, అనిమేకి (జపాన్ యానిమేషన్‌కి) వచ్చేసరికి అక్షరాలుండవుగా, అప్పుడెలా?

— అక్కడే తమాషా. హాస్యమైతే ఒక్కోసారి కాకిని అరిపిస్తారు, నవ్వని జనం మీదుగా కాకి ‘కా, కా’ అంటూ పోతుంది. లేదంటే ధ్వని మొత్తం ఆపేస్తారు. కొందరైతే అక్షరాలనే వదలరు. హిరొహికో అరాకి గీసిన ‘జోజో’ మాంగాలో ముప్పు ముంచుకొచ్చే చోట ‘గొ గొ గొ గొ’ అని గడి నిండా ఉంటుంది. 2012లో మొదలైన టీవీ అనిమేలో ఆ అక్షరాలను తెర మీదే కదిలించారు. ఎంత సంగీతం పెట్టినా ఆ గీతల బరువు రాదనుకున్నారేమో. నా ఓటు దానికే.

— ఇంతకీ మీ అమ్మాయి పేజీలో ఏం రాశారు?

— నేను ‘నిశ్శబ్దం’ అని రాస్తే "పరీక్ష హాలు బోర్డులా ఉంది" అంది. తనే పెన్సిల్ తీసుకుని గడి నిండా ‘కిక్కురు’ అని రాసి, దాని మీద అడ్డంగా ఒక గీత కొట్టేసింది.