డర్ట్ బైక్ ఎక్కి పది నిమిషాలు కాకముందే మావాడి చేతులు పట్టేస్తున్నాయి, రేసుల సీజన్‌కి ఎలా తయారు చేయాలి?

సైనిక్‌పురి అమ్మ:
నమస్తే అండీ. మా బాబుకి 15 ఏళ్లు, ఇప్పుడే టెన్త్ పరీక్షలు అయిపోయాయి. మూడేళ్లుగా డర్ట్ బైక్ నడుపుతున్నాడు, సెకండ్ హ్యాండ్‌లో కొన్న 85 సీసీ బండి. ఈసారి జాతీయ స్థాయి రేసుల్లో దిగుతానని పట్టుబట్టాడు, లైసెన్సు పనులు మొదలుపెట్టాం. ప్రతి ఆదివారం బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని శంకర్‌పల్లి వైపు తెలిసినవాళ్ల పొలానికి తీసుకెళ్తాను, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నడుపుతాడు.

రేసు మొదలై స్టార్టింగ్ గేటు పడగానే మొదటి మలుపులో ముందు ఇద్దరిలో ఉంటాడు. కానీ ఏడెనిమిది నిమిషాలయ్యేసరికి మోచేతి కింద కండలు రాళ్లలా గట్టిపడతాయి, క్లచ్, బ్రేక్ నొక్కడానికి వేళ్లు మాట వినవు. మొన్నటి లోకల్ రేసులో ఆఖరి రెండు ల్యాపుల్లో ఐదుగురు దాటేశారు, ఒక జంప్ దగ్గర సరిగా దిగలేక పడ్డాడు కూడా. మణికట్టు ఇంకా కొంచెం నొప్పి అంటున్నాడు. కోచ్‌ని అడిగితే ఇంకా ఎక్కువ గంటలు నడపాలి అంటున్నారు. మావారు రామగుండంలో ఉద్యోగం, నిర్ణయాలన్నీ నేనే తీసుకోవాలి. పడతాడేమోనని ఎప్పుడూ భయమే, కానీ చేతులు పనిచేయక బ్రేక్ పట్టలేకపోతే ఏమిటని ఇప్పుడు అసలు నిద్ర పట్టడం లేదు. వారానికి ఎన్ని రోజులు బండి నడిపించాలి? జిమ్‌లో వేయాలా? ఈ ఎండల్లో ఎలా?

ఎర్రమట్టి రైడర్:
అక్కా, దీన్ని ఆర్మ్ పంప్ అంటారు, నేనూ రెండేళ్లు పడ్డాను. ముంజేతి కండల చుట్టూ గట్టి పొర ఉంటుంది, అది సాగదు. గట్టిగా పట్టుకున్నకొద్దీ కండలోకి రక్తం వస్తుంది, లోపల ఒత్తిడి పెరిగి తిరిగి పోవడం కష్టమవుతుంది, దాంతో కండ ఉబ్బి వేళ్లలో పట్టు పోతుంది. ఇలాంటప్పుడు ఎక్కువ గంటలు నడిపితే అదే తప్పు అలవాటైపోతుంది.

చాలామందిలో అసలు కారణం కాళ్లు. బండిని మోకాళ్లతో, పాదాలతో పట్టుకోవాలి, హ్యాండిల్ మీద చేతులు తేలికగా ఉండాలి. మీరే ఒకటి చూడండి, సైడు ప్లాస్టిక్‌ల మీద బూట్లు రాసుకున్న గీతలు ఉన్నాయా? కొత్తవాటిలా మెరుస్తుంటే బాబు బరువంతా చేతుల మీదే మోస్తున్నాడు. చదునైన నేల మీద నెమ్మదిగా, నిలబడి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పించండి, బాగా అలవాటయ్యాక ఎడమ చేయి వదిలేసి. కాళ్లు వాడకపోతే బండి తిరగనే తిరగదు, వాడికే తెలిసిపోతుంది.

రెండోది, మూడేళ్లలో పిల్లాడు ఎంత ఎదిగుంటాడో చూడండి. బండి స్ప్రింగులు వాడి ఇప్పటి బరువుకి సరిపోతాయా? హెల్మెట్, బూట్లు లాంటి రైడింగ్ గేర్ మొత్తం వేసుకుని కూర్చున్నప్పుడు వెనక సస్పెన్షన్ దాని మొత్తం కదలికలో మూడో వంతు దగ్గర కిందికి దిగాలి. నిలబడినప్పుడు క్లచ్, బ్రేక్ లివర్లు ముంజేతికి సూటిగా ఉండాలి, చాలామంది మరీ పైకి పెట్టేస్తారు, మణికట్టు వంగి కండ మీద భారం పడుతుంది.

ప్రాక్టీసు రేసులాగే ఉండాలి. ప్రపంచ స్థాయి మోటోక్రాస్ పోటీ ఎంఎక్స్‌జీపీలో ఒక్కో మోటో, అంటే ఒక్కో రేసు, 30 నిమిషాలు, పైన రెండు ల్యాపులు. మన దగ్గర అంత ఉండదు, కానీ గుండె మీద భారం తక్కువేం కాదు. గేటు స్టార్ట్, పది నిమిషాలు ఫుల్ స్పీడ్, విశ్రాంతి, మళ్లీ. ఇలా నాలుగుసార్లు చేస్తే పూట మొత్తం తిరిగినదానికంటే ఎక్కువ పనవుతుంది. ఆ వైపు నల్లరేగడి ఉంటే వాన పడిన మర్నాడు మాత్రం జంపులు వద్దు, టైర్లకి మట్టి పట్టేసి బండి ఎటు జారుతుందో చెప్పలేం.

బాబుకి హరిత్ నోవా రేసులు చూపించండి. కేరళ అబ్బాయి, జంపులుండే మట్టి ట్రాక్ రేసులు, అంటే సూపర్‌క్రాస్ నుంచే వచ్చి 2024 డకార్ ఎడారి ర్యాలీలో ర్యాలీ 2 క్లాసు గెలిచాడు.

ఫిజియో తార్నాక:
అమ్మా, ముందు ఆ మణికట్టు. ఈ వయసులో ఎముకల చివర్లలో ఎదుగుదల జరిగే గ్రోత్ ప్లేట్లు ఉంటాయి, అక్కడ దెబ్బ తగిలితే బెణుకులాగే అనిపిస్తుంది. నొప్పి ఇన్ని రోజులు ఉందంటే ఎముకల డాక్టర్‌కి చూపించి ఎక్స్‌రే తీయించండి, అప్పటిదాకా బండి వద్దు. అలాగే రైడ్ ఆపాక కూడా చేతుల్లో తిమ్మిరి తగ్గకపోతే అదీ చెప్పండి. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వస్తే ఆ రోజు మళ్లీ ఎక్కించకూడదు, ఎంత బతిమాలినా సరే.

తగ్గాక వారానికి రెండు రోజులు బండి, మూడు రోజులు ఒంటి దమ్ము పెంచే పని. జిమ్‌లో బరువులెత్తించి చేతులు పెంచడం కాదు, తొడలు, నడుము, వీపు గట్టిపడాలి. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) పక్కన 23 కిలోమీటర్ల సైక్లింగ్ ట్రాక్ ఉంది కదా, పైన సోలార్ కప్పు, లారీల భయం లేదు. మీకు దూరమే, కానీ వారానికోసారైనా తెల్లవారుజామున తీసుకెళ్లండి. ఈత ఇంకా మంచిది. ఏప్రిల్, మే నెలల్లో ప్రాక్టీసు 9 గంటలకల్లా ఆపేయాలి, ఆ గేర్‌లో ఒళ్లు ఉడికిపోతుంది. రైడ్‌కి ముందూ తర్వాతా బరువు తూచండి, కిలో తగ్గితే దాదాపు లీటరున్నర నీళ్లు, ఉప్పు వేసిన మజ్జిగ మెల్లగా తాగించాలి.

ఇద్దరు పిల్లల నాన్న:
ట్రాలీలో తీసుకెళ్తున్నారు, మంచి పని చేస్తున్నారండీ. మా వైపు ఒకాయన పొలం దాకా కిలోమీటరే కదా అని పిల్లాడిని రోడ్డు మీద నడపనిచ్చేవాడు. 2019 సవరణ తర్వాత మైనర్ రోడ్డు మీద దొరికితే పెద్దవాళ్లకి 25 వేల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పైగా ఈ బండ్లకి రిజిస్ట్రేషనే ఉండదు. ఇంకోటి, అవర్ మీటర్ లేకపోతే పెట్టించండి, వీటికి సర్వీసు కిలోమీటర్లలో కాదు, గంటల్లో. ఎయిర్ ఫిల్టర్ ప్రతి రైడ్ తర్వాత కడిగి ఆయిల్ పట్టించాలి, మన దుమ్ముకి ఒక్క వారం బద్ధకిస్తే ఇంజన్ అరిగిపోతుంది.

సైనిక్‌పురి అమ్మ:
అందరికీ చాలా థ్యాంక్స్. ఎక్స్‌రేలో ఏమీ విరగలేదు, రెండు వారాలు ఆపమన్నారు. అలిగి కూర్చున్నాడు కానీ సైకిల్ తొక్కుతున్నాడు. తమ్ముడూ, నువ్వు చెప్పినట్టు ప్లాస్టిక్‌లు చూశాను. ఎడమ పక్క కొంచెం గీతలున్నాయి, కుడి పక్క ఒక్క గీత లేదు. వాడికి చూపిస్తే చాలాసేపు దాన్నే చూస్తూ ఉండిపోయాడు. లివర్లు కూడా కిందికి దింపించాను. బాబు గేర్‌తో 58 కిలోలు ఉన్నాడు, పాత స్ప్రింగ్ సరిపోతుందా, మార్చాలా?