డెంగ్యూ తగ్గాక మనిషి మారిపోయారు: ఇది మనసు జబ్బా, ఒంటి జబ్బా?

వైట్‌ఫీల్డ్_కోడలు:
మావారికి సెప్టెంబరులో డెంగ్యూ. ప్లేట్‌లెట్లు 22 వేలకు పడి మళ్ళీ లేచాయి. జ్వరం పోయి రెండు నెలలైనా మనిషి మనిషిలా లేరు. తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటారు, గుండె దడ అంటారు, బాబు ఏడిస్తే విసుక్కుంటారు. అత్తయ్యేమో మనసు గట్టి చేసుకోమంటారు. రక్తంలో ఏదైనా కారణం ఉంటుందా? ముందు ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి? ఆఫీసులో చెప్పాలా?

కేఆర్‌పురం_కుర్రోడు:
మనసు గట్టి చేసుకో అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది అక్కా. 2011లో మా నాన్నకి హెపటైటిస్-సి, అంటే లివర్‌కి పట్టే వైరస్ జబ్బు, అని వారానికో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్ వేశారు. వైరస్ వస్తే మన ఒళ్ళు తయారు చేసుకునేది కూడా ఇంటర్‌ఫెరానే. మూడో నెలకల్లా గోడవైపు తిరిగి పడుకుని ఏడ్చేవారు. కోర్సు అయిపోయిన కొన్ని వారాలకి మళ్ళీ పేపరు పట్టుకున్నారు. అంత గట్టి మనిషిని మందు పడగొట్టింది, మనసు కాదు.

హెబ్బాళ_పిన్ని:
అమ్మాయ్, అది బీ12. కోవిడ్ తర్వాత నాదీ ఇదే వరస, చూస్తే ఆ విటమిన్ అంకె 140, బాగా తక్కువ. ఇంజెక్షన్లు పడ్డాక రెండు నెలల్లో లేచి తిరిగాను. పరీక్షలు తర్వాత, ముందు ఇంజెక్షన్ వేయించు.

ల్యాబ్_18ఏళ్ళు:
దయచేసి అలా చెప్పకండి. ముందే వేయిస్తే తర్వాత తీసిన రక్తంలో అంకె ఎక్కువ చూపిస్తుంది. అసలు లోటుందో లేదో ఇక తేలదు.

హెబ్బాళ_పిన్ని:
నేను బాగుపడింది అబద్ధమా?

ల్యాబ్_18ఏళ్ళు:
నిజమేనండీ, మీకు లోటుంది కాబట్టి. ఆయనకు ఉందని ఎవరు చూశారు? పద్దెనిమిదేళ్ళుగా రక్తం తీస్తున్నాను, ఇలా పాడైన రిపోర్టులు ఎన్నో చూశాను. జుట్టుకి వేసుకునే బయోటిన్ మాత్రలూ అంతే. అవి వేసుకుంటూ థైరాయిడ్ టెస్టుకిస్తే కొన్ని మెషీన్లలో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ని నడిపే హార్మోన్, లేనిపోని తక్కువ చూపిస్తుంది. కనీసం రెండు రోజులు ఆపి ఇవ్వాలి.

బీటీఎం_రీసెర్చి:
ఇమ్యునాలజీ నా సబ్జెక్టు, బీ12 దగ్గరే ఆగిపోకండి. 2023లో పెన్సిల్వేనియా యూనివర్సిటీవాళ్ళు లాంగ్ కోవిడ్ (కోవిడ్ పోయినా నెలల తరబడి వదలని బాధలు) రోగుల రక్తంలో సెరటోనిన్ తగ్గిందని చూపించారు, మూడ్‌తో ముడిపడ్డ రసాయనం అది. ఇంటర్‌ఫెరాన్ వల్ల పేగు తిండిలోని ట్రిప్టోఫాన్‌ని సరిగా పీల్చుకోదు, సెరటోనిన్‌కి ముడిసరుకు అదే. 2021లో ఆక్స్‌ఫర్డ్‌వాళ్ళు కోవిడ్ వచ్చిన 2,36,000 మంది రికార్డులు చూస్తే, ఆరు నెలల్లో నూటికి 34 మందికి మెదడుకో మనసుకో సంబంధించిన జబ్బు రాసి ఉంది. కొందరికి అది పాతదే.

మడివాళ_అన్న:
ఇవన్నీ ఎందుకు? పొద్దున్నే చెరువు చుట్టూ నాలుగు రౌండ్లు పరుగెత్తమనండి.

హెచ్ఎస్ఆర్_చెల్లి:
అన్నా, తెలియకపోతే చెప్పొద్దు! కోవిడ్ తర్వాత ఎవరో ఇలాగే అంటే అగర చెరువు దగ్గర పరుగెత్తి నాలుగు రోజులు మంచం దిగలేదు. ఓపిక దాటితే మరింత కుంగిపోయే రకం ఒకటుంది. ఏ డాక్టరని అడిగితే ఒక్కరూ చెప్పరేం? అక్కా, ముందు జనరల్ ఫిజీషియన్. సీబీసీ (రక్తకణాల లెక్క), థైరాయిడ్, బీ12, విటమిన్ డి, లివర్ చూపించి, ఆ రిపోర్టులతోనే సైకియాట్రిస్టు దగ్గరికి. రాత్రిపూట భయమేస్తే 14416 టెలీమానస్, మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వ ఫోన్ లైను, తెలుగులోనూ మాట్లాడతారు.

కమ్మనహళ్లి_మేనత్త:
మాటలు తడబడినా, లేనివి కనబడినా, ఫిట్స్ వచ్చినా ఆ రాత్రే ఎమర్జెన్సీకి. మా మేనకోడలికి హెర్పిస్ మెదడువాపు తగ్గిన నెలకి వింత మాటలు మొదలైతే గాలి సోకిందని తాయత్తు కట్టించారు. తీరా చూస్తే ఎన్ఎండీఏ యాంటీబాడీలు, సొంత ఒళ్ళే మెదడు మీద పడింది. తాయత్తుతో వృథా అయిన ఆ వారం రోజుల్ని తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

హెబ్బాళ_పిన్ని:
ఇంటికొచ్చి రక్తం తీసేవాళ్ళు హెబ్బాళ వైపు ఉన్నారా?

వైట్‌ఫీల్డ్_కోడలు:
అందరికీ దండాలు. నిన్న రిపోర్టులొచ్చాయి. బీ12 బాగానే ఉంది పిన్నిగారూ. టీఎస్‌హెచ్ మాత్రం 0.05, బాగా తక్కువ. థైరాయిడే అనుకుని రాత్రంతా ఏడ్చాను. ల్యాబ్ అన్నగారి మాట గుర్తొచ్చి అలమర చూస్తే, డెంగ్యూ తర్వాత జుట్టు రాలుతోందని ఆయన రోజూ వేసుకునే బయోటిన్ డబ్బా కనబడింది. డాక్టరుకి ఫోన్ చేశాను. మాత్ర ఆపి శనివారం మళ్ళీ రక్తమిమ్మన్నారు. సోమవారం సైకియాట్రిస్టు అపాయింట్‌మెంట్ మాత్రం మార్చొద్దన్నారు.