వడ్డేపల్లి చెరువు దగ్గర ఇల్లు అద్దెకు తీసుకోవచ్చా?

అమ్మను, బాపును తీసుకుని వచ్చే నెలలో పెద్దపల్లి నుంచి హన్మకొండకు మారుతున్నాం. వడ్డేపల్లి చెరువు కట్ట దగ్గర ఒక ఇల్లు చూశాం. పొద్దున్నే కట్ట మీద నడవొచ్చు, కాజీపేట జంక్షన్ కూడా దగ్గరే, ఇంకేం కావాలి అంటున్నాడు బాపు. నా టెన్షన్ వేరు. 2020 ఆగస్టులో, 2023 జులైలో హంటర్ రోడ్డు, నయీంనగర్ వైపు కాలనీలు మునిగాయి కదా, అప్పుడు ఈ గల్లీల్లో ఎట్లా ఉండింది? ముందు గది గోడకు మోకాలెత్తున గోధుమరంగు మరక కనిపించింది. అడిగితే ఓనర్ "రంగులు వేయిస్తాలే" అని మాట దాటేశాడు. ఎండాకాలం బోరు నీళ్లు అందుతాయా? ఇరుగుపొరుగు కలుపుగోలుగా ఉంటారా? బతుకమ్మ ఎక్కడ ఆడతారు (అమ్మ మొదట అడిగింది ఇదే)? అక్కడ ఉంటున్నవాళ్లు, ముఖ్యంగా ఖాళీ చేసి వచ్చినవాళ్లు కాస్త చెప్పండి. ఆదివారంలోగా అడ్వాన్స్ ఇవ్వాలి.