ముప్పై రెండేళ్లకు గ్రూప్స్ వదిలేద్దామనుకుంటున్న, ఇంట్లో ఎట్ల చెప్పాలె?

అన్నలకు, అక్కలకు నమస్తే. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఆరేళ్లు హైదరాబాద్‌ల అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉండి, చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్‌కు, అంటే సర్కారు కొలువుల పరీక్షలకు, చదువుకున్న. 2022లో 503 గ్రూప్-1 పోస్టులకు సుమారు 3.8 లక్షల మంది దరఖాస్తు పెట్టుకున్నరు. అందులో నేనొకన్ని. కొలువొస్తేనే బతుక్కి విలువ అనుకొని చెల్లె పెళ్లికి గూడ రెండు రోజులే ఉన్న. అది ఇప్పటికీ గుచ్చుతది.

మొన్న నాట్లప్పుడు ఇంటికొచ్చి ఉండిపోయిన. పొద్దూకినంక మా అరుగు మీద పిల్లలకు లెక్కలు చెప్తున్న. ఆరో తరగతి పిల్ల ఒకామెకు అప్పు తెచ్చుకునే తీసివేతలు రావు. చింతగింజలు పదేసి కుప్పలు పోసి, ఒక కుప్ప విప్పి చూపించిన. తెల్లారి తనే విప్పి, "సార్, పది ఇటొచ్చినయ్!" అన్నది. ఆ రాత్రి మస్తు రోజులకు హాయిగ నిద్ర పట్టింది.

బీఈడీ చేసి ఇదే పనిల ఉండాలనిపిస్తున్నది. బాపు మాత్రం ఇంకా "మావోడు ఆఫీసరైతడు" అని ఊరంత చెప్పుకుంటడు.

ఓడిపోయి సర్దిచెప్పుకుంటున్ననా, నిజంగ నాకు కావాల్సింది ఇదేనా? మధ్యలో ఆపేసినోళ్లు ఎట్ల తేల్చుకున్నరు? ఇంట్ల మొదటి మాట ఏమని ఎత్తిన్రు?